కోడికెంత చోటు?

ఢిల్లీ పరిసరాల్లో మాంసం పరిశ్రమ, జంతు చట్టాలు, నీతి: ఒక సమీక్ష

తెల్లవారకముందే ఘాజీపూర్ కోళ్ల మండీ మేలుకుంటుంది. ఢిల్లీ తూర్పు అంచున, ఉత్తరప్రదేశ్ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంటుందది. దాని చుట్టుపక్కలే పూల మండీ, చేపల మండీ, నగరం కబేళా, అన్నిటికీ పైన చెత్తకొండ. మయూర్ విహార్‌లో ఉన్న రోజుల్లో నేను ఆ మండీకి నాలుగైదుసార్లు వెళ్లాను. జాలీ గళ్ల లారీలు బారులు తీరి ఉంటాయి. గళ్లలో తెల్లటి బ్రాయిలర్ కోళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. కూలీలు ఒక్కో చేత్తో నాలుగైదు కోళ్లను కాళ్లు పట్టి లాగి, తలకిందులుగానే కాటా దగ్గరికి తెస్తారు. కాసేపు రెక్కలు కొట్టుకుంటాయి, తర్వాత ఊరుకుంటాయి. అది నెమ్మదించడం కాదు. కోడికి మనకున్నట్టు పొట్టకూ ఊపిరితిత్తులకూ మధ్య అడ్డుపొర లేదు. తలకిందులు చేస్తే లోపలి అవయవాల బరువంతా ఊపిరి మీద పడుతుంది. అందుకే ఆ నిశ్శబ్దం.

అక్కడికి మెట్రోలో కొద్ది దూరంలో చాందినీ చౌక్. ఎర్రకోటకు ఎదురుగా, దిగంబర జైన మందిరం ఆవరణలో పక్షుల ఆసుపత్రి ఉంది. ఫ్యాను రెక్క తగిలిన పావురాన్నీ, గాలిపటం మాంజా కోసిన చిలకనూ అక్కడ పైసా తీసుకోకుండా బాగుచేస్తారు. ఒకే నగరం. ఒకచోట పక్షి రెక్కకు కట్టు కడుతున్నారు, మరోచోట పక్షికి రెక్క విప్పే చోటే లేదు. ఈ రెంటి మధ్యా మన చట్టం ఎక్కడ నిలబడింది? మన నీతి ఎక్కడ నిలబడింది? ఈ వ్యాసం అడిగేది ఇదే.

లెక్కల్లో కోడి

జంతువుల మీద మన దేశంలో జరిగే చర్చంతా ఆవు చుట్టూ, ఆ తర్వాత వీధికుక్క చుట్టూ తిరుగుతుంది. లెక్కలు చూస్తే అసలు కథ కోడిది. 2019 పశుగణన ప్రకారం దేశంలో 85 కోట్లకు పైగా పెంపుడు పక్షులున్నాయి. అందులో 53 కోట్లకు పైగా వాణిజ్య ఫారాల్లోవే. 2022-23లో దేశంలో తయారైన 97.7 లక్షల టన్నుల మాంసంలో సగానికి పైగా కోడి మాంసమే. అదే ఏడాది వచ్చిన 13,838 కోట్ల గుడ్లలో ఆంధ్రప్రదేశ్ వాటా 20.13 శాతం, తెలంగాణ వాటా 12.77 శాతం. దేశం తినే ప్రతి మూడు గుడ్లలో దాదాపు ఒకటి తెలుగు నేల మీద పెట్టిందే.

ఈ పరిశ్రమకు పునాది వేసినవాడూ తెలుగువాడే. బండ వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. 1982లో గుడ్ల రైతులను కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, అంటే ఎన్‌ఈసీసీని నిలబెట్టారు. దళారులు పెట్టిన ధరకు గుడ్డు అమ్ముకునే రైతుకు తన ధర తాను చెప్పుకునే గొంతు దానివల్లే వచ్చింది. పేద ఇంటి పళ్లెంలోకి మాంసకృత్తులు చేరడంలో ఆ కృషి పాత్ర చిన్నది కాదు. నేను కోళ్ల ఫారాలను తప్పుపట్టే ముందు ఈ మాట చెప్పి తీరాలి. తణుకు, అనపర్తి వైపు వందల కుటుంబాలు ఆ షెడ్ల మీదే పిల్లలను చదివించుకున్నాయి. ఉత్తరాదిన అదే పాత్ర హర్యానాలోని బర్వాలాది. తణుకు రేటు మనకెలాగో, ఢిల్లీ వ్యాపారికి బర్వాలా రేటు అలాగ.

గుడ్డు చవకైంది, మంచిదే. ఆ చవక ఎవరి ఒంటి మీద నుంచి వచ్చిందన్నది ప్రశ్న.

చట్టం ఏం చెప్పింది

జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని వెనక నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఉంది. రాజ్యసభ సభ్యురాలిగా ఆమె 1953లో ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇవ్వడంతో బిల్లు వెనక్కి తీసుకున్నారు. ఆ చట్టం కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. చాలాకాలం చెన్నైలో ఉన్న ఆ మండలి ఇప్పుడు ఫరీదాబాద్ జిల్లా బల్లభ్‌గఢ్ దగ్గర, అంటే ఢిల్లీ గుమ్మంలోనే ఉంది.

ఆ చట్టం దృష్టిలో మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువే. కాబట్టి కోడి కూడా జంతువే. సెక్షన్ 11 రెండు పనులను స్పష్టంగా నేరమంటుంది. అనవసరమైన బాధ కలిగేలా ప్రాణిని మోసుకెళ్లడం ఒకటి. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో పెట్టడం రెండోది. మండీలో కాళ్లు పట్టి వేలాడదీసిన కోడి మొదటి దాని కిందికి వస్తుంది, బోనులో గుడ్లు పెట్టే కోడి రెండో దాని కిందికి. ఆహారం కోసం చంపడాన్ని చట్టం మినహాయించింది, అయితే అనవసరమైన బాధ పెట్టకూడదన్న షరతుతోనే. మతాచారం ప్రకారం చంపడానికి సెక్షన్ 28 మినహాయింపు ఇచ్చింది. చంపడానికి మినహాయింపు ఉందే కానీ, బతికున్నన్నాళ్లూ హింసించడానికి ఎక్కడా లేదు.

మరి శిక్ష? మొదటి నేరానికి పది నుంచి యాభై రూపాయల జరిమానా. 1960లో పెట్టిన ఆ యాభై రూపాయల హద్దు ఇప్పటికీ మారలేదు. యాభై రూపాయలకు ఇవాళ డజను గుడ్లు కూడా రావు. 2022లో కేంద్రం సవరణ ముసాయిదా బయటపెట్టి శిక్షలు పెంచుతామంది. అది చట్టం కాలేదు.

2001 కబేళా నియమాలు ఇంకా సూక్ష్మంగా ఉన్నాయి. రోజుకు పది లేదా అంతకన్నా ఎక్కువ జంతువులను కోసే చోటు కబేళానే. పట్టణ పరిధిలో లైసెన్సు ఉన్న కబేళాలో తప్ప కోయకూడదు. ఒక జంతువు కళ్లెదుట మరొకదాన్ని చంపకూడదు. ఒక పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 జంతువులకు మించి పరీక్షించకూడదు. ఈ మాటలు పట్టుకుని మన వీధి చివరి చికెన్ కొట్టు ముందు నిలబడండి. గూట్లో మిగతా కోళ్లు చూస్తుండగానే ఒకదాని మెడ కోసి ప్లాస్టిక్ డ్రమ్ములో వేస్తారు. డ్రమ్ము లోపల కాసేపు దబదబ చప్పుడు, తర్వాత ఏమీ ఉండదు. ఒక్క ఆదివారమే వంద కోళ్లు పోతాయి. చూసే వైద్యుడు లేడు.

ఈ తేడానే 2023లో గుజరాత్ హైకోర్టు ముందుకు వచ్చింది. కోడి జంతువా, పక్షా? కబేళాలోనే కోయాలంటే కొట్లన్నీ మూయాలి కదా? చట్టం రాసినవారు మేకనూ గేదెనూ మనసులో పెట్టుకుని రాశారు. దేశం తినేది మాత్రం కోడిని. ఆ రెంటి మధ్య ఏర్పడ్డ సందులోనే కోట్ల ప్రాణాలు పడి ఉన్నాయి.

కాగితమంత గూడు

గుడ్ల ఫారంలో బోనుల వరుసలు అంతస్తులుగా ఉంటాయి. ఒక్కో బోనులో ఆరేడు కోళ్లు. ఒక్కోదానికి దొరికే చోటు ఇంట్లో ప్రింటరులో పెట్టే ఏ4 కాగితం కన్నా తక్కువ. ఈ లెక్కను నేను ఒకసారి నేల మీద పరిచి చూశాను. ఏ4 కాగితం విస్తీర్ణం దాదాపు 624 చదరపు సెంటీమీటర్లు. ఇంగ్లండులో డాకిన్స్, హార్డీ అనే శాస్త్రవేత్తలు 1989లో కోళ్లను కొలిచి ప్రచురించిన అంకెలు దాని పక్కన రాసుకున్నాను. కోడి ఊరికే నిలబడటానికి 475 చదరపు సెంటీమీటర్లు కావాలి. ఈకలు సర్దుకోవడానికి 1,150 దాకా. ఉన్నచోట వెనక్కి తిరగడానికి 1,272. రెక్కలు కొట్టుకోవడానికి 1,876, అంటే మూడు కాగితాలు. ఆ ఒక్క కాగితం మీద కోడి చేయగలిగింది నిలబడటమే. ఏడాది పైగా నిలబడటమే.

బోనులు సెక్షన్ 11కు విరుద్ధమని, 2017 కల్లా తీసేయాలని జంతు సంక్షేమ మండలి 2012లో రాష్ట్రాలకు రాసింది. 2017 వచ్చింది. బోనులు పోలేదు. ఆ ఏడాది జూలైలో జస్టిస్ బి.ఎస్. చౌహాన్ నేతృత్వంలోని లా కమిషన్ తన 269వ నివేదికను కోళ్ల కోసమే రాసింది. గుడ్ల కోళ్లకూ మాంసం కోళ్లకూ వేర్వేరు ముసాయిదా నియమాలు కూడా జతచేసింది. ఒక దేశపు లా కమిషన్ కోడి గురించి పూర్తి నివేదిక రాయడం చిన్న సంగతి కాదు. చివరికి 2023లో గుడ్ల కోళ్ల నియమాలు నోటిఫై అయ్యాయి. ఒక్కో కోడికి అవి ఇచ్చిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు.

ఈ అంకెకు ఒక చరిత్ర ఉంది. యూరోపియన్ యూనియన్ 1999లో చేసిన ఆదేశంలో పాత తరహా బోనులకు పెట్టిన కనీస హద్దు సరిగ్గా ఇదే. అదీ తాత్కాలికంగానే. చాలదని తేలడంతో 2012 జనవరి 1 నుంచి ఆ బోనులనే వాళ్లు నిషేధించారు. స్విట్జర్లాండ్ ఆ పని 1992లోనే చేసింది. యూరప్ విడిచిపెట్టిన మెట్టు మీద మనం పదకొండేళ్ల తర్వాత కాలు పెట్టాం. లేనిదానికన్నా నయమే, కానీ దీన్ని గమ్యమనుకుంటే పొరపాటు. పైగా ఈ నియమాలు గుడ్ల కోళ్లకే. ఆరు వారాల్లో రెండు కిలోలు పెరిగి, తన బరువు తన కాళ్లే మోయలేని బ్రాయిలర్ కోడి వీటి పరిధిలోకి రాదు. గుడ్లు పెట్టదు కనుక పుట్టిన రోజే హేచరీలో చంపేసే మగపిల్లా రాదు. ఆ పద్ధతిని జర్మనీ 2022 నుంచి నిషేధించింది.

న్యాయస్థానాల దారి

పాత ఢిల్లీ ఈద్గా కబేళా మీద మేనకా గాంధీ వేసిన వ్యాజ్యం తొంభైల మొదట్లో హైకోర్టులో నడిచింది. ఇరుకు, మురుగు, యమునలో కలిసే రక్తం చూసి కోర్టు కదిలింది. కబేళా 2009లో ఘాజీపూర్‌కు మారింది. యంత్రాలు వచ్చాయి, మురుగుశుద్ధి వచ్చింది. కోళ్ల మండీ మాత్రం ఆ పక్కనే పాత పద్ధతిలో కొనసాగింది. జంతు హక్కుల కార్యకర్త గౌరీ మౌలేఖీ పిటిషన్ మీద 2018 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు అక్కడ లైసెన్సు లేకుండా కోళ్లను కోయడాన్ని ఆపేసింది. ఆమె కదిలించిన మరో కేసులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020లో కోళ్ల ఫారాలను కాలుష్య నియంత్రణ పరిధిలోకి తెమ్మని ఆదేశించింది.

పెద్ద తీర్పులూ ఉన్నాయి. జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు జంతువులకు ఐదు స్వేచ్ఛలున్నాయని చెప్పింది. ఆకలి దప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పీ రోగాల నుంచి, భయం నుంచి విముక్తి, సహజంగా మెలిగే స్వేచ్ఛ. ఈ ఐదింటికీ మూలం ఫారం పశువులే. రూత్ హారిసన్ 1964లో బ్రిటన్ ఫారాల మీద రాసిన పుస్తకం దుమారం రేపింది, 1965లో బ్రాంబెల్ కమిటీ నివేదిక ఇచ్చింది, ఆ ఆలోచనే తర్వాత ఐదు స్వేచ్ఛలుగా స్థిరపడింది. ఫారం కోడి కోసం పుట్టిన సూత్రం మన దగ్గర ఎద్దుకు అందింది, కోడికి మాత్రం అందలేదు. 2023లో రాజ్యాంగ ధర్మాసనం జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయనడానికి పూర్వ ప్రమాణం లేదంటూ జల్లికట్టును అనుమతించింది. దానికి ముందు 2019లో పంజాబ్-హర్యానా హైకోర్టు పక్షులు, జలచరాలతో సహా సమస్త జంతుజాలాన్నీ చట్టం దృష్టిలో వ్యక్తులుగా ప్రకటించింది. అంటే తీర్పు ప్రకారం బర్వాలా బోనులోని కోడి కూడా ఒక వ్యక్తే. ఆ తీర్పు బోను తలుపు దాకా రాలేదు. గొప్ప మాటలున్న తీర్పు కన్నా, అంకె ఉన్న నియమమూ దాన్ని కొలవడానికి వెళ్లే ఇన్‌స్పెక్టరూ జంతువుకు ఎక్కువ మేలు చేస్తారని నేను నమ్మడానికి ఇదొక కారణం.

ఆవు నీడలో

ఢిల్లీ పరిసరాల్లో మాంసం గురించి రాస్తూ దాద్రీని దాటేసి వెళ్లలేం. 2015 సెప్టెంబరు 28 రాత్రి దాద్రీ దగ్గరి బిసాహ్డా గ్రామంలో ఇంట్లో ఆవుమాంసం ఉందన్న పుకారుతో మహమ్మద్ అఖ్లాక్‌ను గుంపు కొట్టి చంపింది. 2017 వసంతంలో ఉత్తరప్రదేశ్ అంతటా లైసెన్సు లేదంటూ కబేళాలు, కొట్లు మూయించారు. ఘాజియాబాద్, నోయిడాల్లో మాంసం వృత్తిగా బతికే ఖురేషీ కుటుంబాల పొయ్యిలు ఆరాయి. ఇష్టమైన తిండి తినడం బతికే హక్కులో భాగమని, లైసెన్సు ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిదని అలహాబాద్ హైకోర్టు గుర్తు చేయాల్సి వచ్చింది. అదే ఏడాది మే నెలలో కేంద్రం సంతల్లో కోతకు పశువులను అమ్మకుండా నియమాలు తెచ్చింది. వాటిని సవాలు చేసినవారిలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఖురేషీల సంఘం ఒకటి. జూలైలో సుప్రీంకోర్టు ఆ నియమాల అమలును నిలిపేసింది.

తెలుగు నేల మీదా ఇలాంటి కథే నడిచింది. అప్పటి మెదక్ జిల్లా రుద్రారంలోని అల్ కబీర్ ఎగుమతి కబేళా మీద ఏళ్ల తరబడి సాగిన పోరు 2006లో సుప్రీంకోర్టులో ముగిసింది, కబేళా కొనసాగింది. ఆ వాదనలన్నీ పశుసంపద తగ్గుతుందా, ఎరువు తగ్గుతుందా అన్న లెక్కల చుట్టే సాగాయి. గేదె కబేళాకు ఎలా చేరింది, ఎంతసేపు నీళ్లు లేకుండా నిలబడింది అన్నవి మూలకు పోయాయి.

జంతువు పేరు మీద మనిషిని కొట్టడానికీ జంతువు మీద దయకూ సంబంధం లేదు. రాజ్యాంగం 48వ అధికరణ ఆవు గురించి చెప్పింది. 51ఎ(జి) సమస్త ప్రాణుల మీద కరుణ చూపమంది. మన రాజకీయం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసింది. 2022లో నవరాత్రులకు దక్షిణ ఢిల్లీలో మాంసం కొట్లు మూయాలన్నారు. అంతకుముందు హలాలా, ఝట్కానా అని బోర్డు పెట్టమన్నారు. ఆ కోడి ఏ బోను నుంచి వచ్చిందో బోర్డు పెట్టమని ఒక్కరూ అడగలేదు. కొట్లు మూసిన రోజుల్లోనూ షెడ్లలో కోళ్లు అదే ఇరుకులో ఉన్నాయి.

నీతి: మూడు గొంతులు

తినడమే తప్పన్నది మొదటి గొంతు. పీటర్ సింగర్ 1975లో రాసిన పుస్తకం తర్వాత ప్రపంచమంతా బలపడిన వాదన ఇది. బాధ బాధే, అది ఏ ఒంటిదైనా సరే లెక్కలోకి రావాలంటుంది. మన జైన, బౌద్ధ సంప్రదాయాలకు ఇది కొత్త కాదు. ఈ వాదనను నేను గౌరవిస్తాను. దీని ముందు నా పళ్లెం నన్ను ఇబ్బంది పెడుతుందని ఒప్పుకుంటాను.

రెండో గొంతు తిండి మీద పెత్తనాన్ని ప్రశ్నిస్తుంది. శాకాహారం ఈ దేశంలో కేవలం దయకు గుర్తు కాదు, కులానికీ గుర్తు. 2014 నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో 98.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతానికి పైగా మాంసాహారులే. హర్యానాలో మూడింట రెండొంతుల మంది శాకాహారులు. ఢిల్లీలో ఇల్లు అద్దెకు వెతుక్కునే తెలుగు కుర్రవాడికి ఓనరు వేసే తొలి ప్రశ్నల్లో 'నాన్‌వెజ్ తింటారా?' ఒకటి. ఆ ప్రశ్నలో కోడి మీద జాలి లేదని ఇద్దరికీ తెలుసు. దళితుల, ముస్లింల, ఆదివాసుల తిండిని చిన్నచూపు చూసే నోటితో జీవకారుణ్యం చెబితే అది ఎవరి చెవికీ ఎక్కదు.

మూడో గొంతు ఎలా పెంచామన్నది చూడమంటుంది. పెరట్లో గింజలు ఏరుకుని తిరిగిన నాటుకోడి చావు ఒక్కరోజుది. బోను కోడికి బతుకంతా శిక్షే. ఈ రెంటినీ 'మాంసం' అన్న ఒక్క మాటలో కలిపేయడం వల్లే మొదటి రెండు గొంతులు ఒకదాన్నొకటి వినలేకపోతున్నాయి. మా అమ్మమ్మ పండక్కి కోడిని కోయించేది. సాయంత్రం కోళ్లు గంప కిందికి చేరాయో లేదో లెక్కపెట్టి గానీ అన్నం తినేది కాదు. ఆ రెండు పనులూ ఆమెకు పరస్పర విరుద్ధంగా తోచలేదు. ఆమె తినడం మానలేదు, తినే ప్రాణి పట్ల తన బాధ్యతా మరవలేదు. నేను నిలబడేది ఈ మూడో గొంతు వైపు. తినేవాడి హక్కునూ కోడి బాధనూ ఒకే చేత్తో పట్టుకోగలిగే చోటు ఇదొక్కటేనని నా నమ్మకం.

ఇరుకు మన ఒంట్లోకి

కోడి ఇరుకు కోడితో ఆగదు. కిక్కిరిసిన షెడ్డులో రోగం రాకుండా, బరువు త్వరగా పెరిగేలా మందులు వాడతారు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2014లో ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్, ఘాజియాబాద్‌లలో 70 చికెన్ నమూనాలు పరీక్షించింది. 40 శాతంలో యాంటీబయాటిక్ అవశేషాలు కనిపించాయి. మనిషికి చివరి ఆశగా వాడే కొలిస్టిన్‌ను పశువులకు వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది. 2021 జనవరిలో బర్డ్ ఫ్లూ భయంతో ఘాజీపూర్ మండీ మూతపడింది.

రైతు మాటేమిటి? ఇప్పుడు చాలా బ్రాయిలర్ షెడ్లు కాంట్రాక్టు మీద నడుస్తాయి. కంపెనీ పిల్లను, దాణాను, మందును ఇస్తుంది. రైతు షెడ్డు వేసి, కరెంటు కట్టి, రాత్రుళ్లు కాపలా కాసి, కిలోకు ఇంత అని పెంపకం కూలి తీసుకుంటాడు. షెడ్డు అప్పు అతనిది, ధర నిర్ణయం కంపెనీది. అలాంటి రైతుతో కోడికి రెట్టింపు చోటు ఇవ్వమంటే ఎక్కడి నుంచి ఇస్తాడు? మార్పు ఖర్చు రైతు మీద పడితే ఆ మార్పు రాదు, వచ్చినా నిలవదు.

చేయగలిగింది

ముందుగా యాభై రూపాయల జరిమానా పోవాలి. శిక్ష పెంచడం చాలదు, అది పెంచే రైతు మీద కాక కంపెనీ మీద పడేలా ఉండాలి. మాంసం కోళ్లకూ నియమావళి రావాలి, రవాణాకూ కోతకూ అది వర్తించాలి. లా కమిషన్ ముసాయిదా చేతిలోనే ఉంది. కోళ్లకు తగ్గ చిన్న చిన్న లైసెన్సు కబేళాలు మున్సిపాలిటీలే కట్టి, ఇప్పుడు కొట్లలో కోసేవారికే వాటిలో చోటివ్వాలి. శుభ్రత పేరుతో పేదవాడి కొట్టు మూయడం సంస్కరణ కాదు. బోను తీసేసే రైతుకు బ్యాంకు రుణమూ గడువూ కావాలి. గుడ్ల అట్టపెట్టె మీద కోడిని ఎలా పెంచారో రాయాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే కొనేవాడికి ఎంచుకునే వీలు ఉంటుంది.

ఇందులో ఏదీ ఎవరి మతాన్నీ ముట్టదు, ఎవరి వంటింట్లోకీ తొంగిచూడదు. ఏ జంతువు, ఎవరు తిన్నారు అన్న ప్రశ్నల దగ్గర మనం చాలా ఏళ్లు ఆగిపోయాం, మనుషుల ప్రాణాలు కూడా పోగొట్టుకున్నాం. ఎలా బతికింది అన్న ప్రశ్నకు వెళితే శాకాహారీ మాంసాహారీ ఒకే పక్కన కూర్చోగలరు.

నేల మీద పరిచిన ఆ కాగితం ఇంకా నా బల్ల మీద ఉంది. దాని పక్కన మరో కాగితం చేరిస్తే 1,248. వెనక్కి తిరగడానికి కోడికి కావలసింది 1,272. రెండు కాగితాలు, ఇంకో సన్నటి పట్టీ. తగినంత కదిలే వీలుండాలని 1960లోనే చట్టంలో రాసుకున్నాం. ఉన్నచోట ఒకసారి వెనక్కి తిరిగి చూసేంత చోటు కోడికి ఇస్తే, ఆ మాట నిలబెట్టుకోవడం మొదలుపెట్టినట్టు.